మొదటి లోడు

ట్రక్కు తొట్టిలో మూడో పలక మీద బరువు మోపగానే ఆర్వల్ టెస్కీ కుడికాలు మోకాలి దాకా కిందికి దిగబడిపోయింది. కాలు మెల్లగా పైకి లాక్కుని, ప్యాంటుకంటిన చెక్కపొట్టు దులుపుకుని, ఆ కన్నం వంక కాసేపు చూశాడు. తిట్టలేదు. తిడితే వినడానికి పక్కన మైలో లేడు. వినేవాడు లేని తిట్టు దండగ.

మైలో కుబిచెక్ సోమవారం పొద్దున్న కాఫీ తాగుతూ తాగుతూనే పోయాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, కప్పు కూడా ఒలకలేదు. "చచ్చాక నన్ను ఆ నల్లకారులో ఎక్కించారంటే లేచి ఇంటికొచ్చేస్తాను. నా ట్రక్కులో తీసుకెళ్ళండి" అని ఏటా ఈస్టరు భోజనాల దగ్గర అనేవాడు. అందరూ నవ్వి మాంసం ముక్కలు వడ్డించుకునేవాళ్ళు. ఇప్పుడా మాట నిలబెట్టాల్సిన రోజు వచ్చింది. శనివారం పదింటికి చర్చిలో పూజ, ఆ తర్వాత మైలున్నర దూరాన మిట్ట మీదున్న సమాధుల తోటకి ప్రయాణం. ఇవాళ బుధవారం. ట్రక్కు 1950 నాటి చెవ్రొలే. ఇంజనుకి ఢోకా లేదు. తొట్టి నేల మాత్రం పందుల మూత్రానికీ మంచుకాలపు ఉప్పుకీ పుచ్చి, పైకి పెద్దమనిషిలా కనిపిస్తూ లోపల పిండైపోయి ఉంది.

"ఏమైంది?" షెడ్డు తలుపు దగ్గర జెనీన్ నిలబడి ఉంది. మైలోకి ఒక్కతే కూతురు. ఒమాహా నగరంలో ఓ పెద్ద హైస్కూలు ఆఫీసు నడుపుతుంది. తండ్రి పనికోటు తొడుక్కుంది, చేతిలో అట్టకి బిగించిన కాగితాలున్నాయి. సోమవారం సాయంత్రం దిగిన దగ్గర్నుంచీ ఆ అట్ట ఆమె చేతిని వదల్లేదు.

"నేల పోయింది" అన్నాడు ఆర్వల్.

"మొత్తమా?"

"రెండు పలకలు నన్ను మోస్తున్నాయి. ఆయన్నీ పెట్టెనీ కలిపి మోయవు."

జెనీన్ దగ్గరికొచ్చి కన్నంలోకి తొంగి చూసింది. "అయితే వదిలెయ్యండి ఆర్వల్. ఆ కారే మాట్లాడదాం. నాన్నకేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది." అని, మాట కరుకుగా వచ్చిందేమోనని సర్దుకున్నాడు. "శుక్రవారం సాయంత్రానికి కొత్త నేల వేసేస్తాను. వెర్లీన్ మిల్లులో ఆరిన ఓక్ చెక్క ఉంటుంది."

"మీకు శ్రమ."

"శ్రమేముంది, పనేగా."

జెనీన్ కాగితం మీద ఏదో టిక్కు పెట్టుకుని, కింద ఉన్న ఇంకో కాగితం ఊడదీసి అందించింది. "ఇంకో సాయం. ఈ ఆరుగురికీ ఫోను చెయ్యాలి. పెట్టె మోసేవాళ్ళు. నాన్న పుస్తకంలో సగం నంబర్లు ఎవరివో తెలీకుండా ఉన్నాయి. మీకైతే అన్నీ తెలుసు."

ఆర్వల్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. ఆరు పేర్లు. పైనుంచి కిందికి చదివాడు. పందిపిల్లల్ని లెక్కపెట్టేటప్పుడు అలవాటైనట్టు కిందనుంచి పైకి మళ్ళీ చదివాడు. నలుగురు మైలో అన్నదమ్ముల కొడుకులు, ఒకడు మేనల్లుడు ఎమిల్ పావెల్కా, ఒకడు చికాగోలో ఉండే మనవడి వరస. ఈ పొలంలో ముప్ఫై తొమ్మిదేళ్ళు పని చేసిన ఆర్వల్ టెస్కీ ఎటునుంచి చదివినా అందులో లేడు.

తన పేరుంటుందని అనుకున్న సంగతి కూడా అతనికి అప్పుడే తెలిసింది.

"ఎవరైనా మిగిలిపోయారా?" అని అడిగింది జెనీన్, పెన్ను పట్టుకుని. ఆఫీసు నడిపేవాళ్ళు అడగాల్సిన ప్రశ్న అది. నిజంగానే అడిగింది.

"లేదు" అన్నాడు ఆర్వల్. "పెట్టెకి ఆరుగురు చాలు."

వంటింట్లో గోడకున్న ఫోను దగ్గర నిలబడే ఆరుగురికీ చేశాడు. మైలో కుర్చీ ఖాళీగానే ఉన్నా అందులో కూర్చోలేదు. ఒక్కొక్కరికీ అదే ముక్క చెప్పాడు. శనివారం పదింటికి, పావుగంట ముందు రావాలి, నల్లకోటు. అందరూ సరేనన్నారు. ఎమిల్ మాత్రం కాస్త నసిగాడు.

"నా భుజం పట్టేసింది ఆర్వల్. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు. తప్పదంటావా?"

"ఆరో వంతేగా నీది. మైలో ఎంతుంటాడు, మూడు మొక్కజొన్న బస్తాలు."

"పెట్టెకీ బరువుంటుందిగా. సర్లే, పట్టుకున్నట్టు నటిస్తాను. నువ్వు ఏ మూలనున్నావు?"

"నాకు ట్రక్కు పనుంది."

"అదేంటి?" అన్నాడు ఎమిల్.

"నల్లకోటు. మర్చిపోకు" అని ఫోను తగిలించేశాడు.

ఆ మధ్యాహ్నమంతా పాత నేల ఊడదీయడంతోనే సరిపోయింది. తొట్టి పొడుగునా ఎనిమిది పలకలు, పలకకీ పలకకీ మధ్య ఒక ఇనుప పట్టీ, పట్టీల్లోంచి కింద అడ్డదూలాల్లోకి బోల్టులు. ఒక్క నట్టూ తిరగలేదు. డెబ్భై ఏళ్ళ తుప్పు, తిరగమంటే తిరుగుతుందా? ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని ఇనుము కోసే యంత్రంతో ఒక్కో బోల్టునీ నట్టు దగ్గర తెగ్గొట్టాడు. నిప్పురవ్వలు గడ్డం మీద పడుతుంటే మొహం పక్కకి తిప్పుకునేవాడు తప్ప చెయ్యి ఆపలేదు. పట్టీలు పైకి లేపితే కింద సందుల్లో నల్లబడిన మొక్కజొన్న గింజలు, పంది వెంట్రుకలు, ఒక పాత తాళంచెవి బయటపడ్డాయి. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అది ఏ తాళానిదో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు లేడు.

*

వెర్లీన్ సెడ్లాచెక్ కోతమిల్లు రైలుపట్టాల పక్కన ఉంటుంది. అరవై దాటిన మనిషి, మొగుడు పోయాక మిల్లు తనే నడుపుతోంది. చిత్రికమిషను హోరుతో పోటీ పడీ పడీ గొంతు పెరిగిపోయింది. మిషను ఆగాక కూడా తగ్గించదు. గురువారం పొద్దున్నే ఆర్వల్ పాత పలకలో చెడిపోని మూరెడు ముక్క ఒకటి నమూనాగా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఎనిమిది పలకలు, ఆరున్నర అడుగుల పొడుగు" అంది వెర్లీన్ ఆ ముక్కని తిప్పి చూస్తూ. "పట్టీ కూర్చునే గాడి లోతుగా తీయనా? ఎగ్జిబిషన్లకి పంపే ట్రక్కులకి అలాగే చేస్తున్నాను. పట్టీ చెక్కలోకి సమంగా దిగిపోతుంది, అద్దంలా ఉంటుంది."

"వద్దు. పట్టీ చెక్కకి పైన లేచుండాలి. పది సెంట్ల బిళ్ళ మందం."

"దేనికయ్యా? ఇంకా ఎవరున్నారు అందులో గింజలు పోసి పారతో తోడేవాళ్ళు?"

"పార పట్టీల మీద నడవాలి, చెక్కలో గుచ్చుకోకూడదు. బస్తాని ఒక్క చేత్తో తోస్తే జారాలి. అలా జారితేనే అది నేల, లేకపోతే పోల్కా డాన్సు ఆడుకోడానికే పనికొస్తుంది అనేవాడు మైలో."

"అనేవాడు. ఇప్పుడెక్కేది ఆయనే కదా."

"లోడు లోడే" అన్నాడు ఆర్వల్.

వెర్లీన్ పలకలు ఒక్కొక్కటే మిషనులోకి తోస్తుంటే అతను అవతలి కొసన అందుకున్నాడు. కొత్త ఓక్ వాసన మిల్లంతా పరుచుకుంది, పులిసిన ద్రాక్షకి దగ్గరగా ఉంటుంది అది. గాడి తీసిన ప్రతి అంచులోనూ పట్టీముక్క పెట్టి, దాని మీద బొటనవేలు అడ్డంగా జరిపి చూసుకున్నాడు. వేలికి పట్టీ తగలాలి. తగిలితే తల ఊపేవాడు. ఒకటి సమంగా దిగిపోతే పక్కన పెట్టించి ఇంకో చెక్క తీయించాడు.

"బొటనవేలితో కొలిచేవాడివి నువ్వొక్కడివే మిగిలావు" అంది వెర్లీన్ మిషను ఆపి. "సరేగానీ, శనివారం నువ్వు ఏ మూల పట్టుకుంటున్నావు? తలవైపా, కాళ్ళవైపా?"

ఆర్వల్ పలక అంచున లేచిన పేడు ఒకటి గోటితో తీశాడు. "ఆరుగురున్నారు. వాళ్ళ బంధువులు."

వెర్లీన్ చెవులకి పెట్టుకునే డిప్పలు మెడలోంచి తీసి బల్ల మీద పడేసింది. "నిన్ను వెయ్యలేదా?"

"లేదు."

"ఎవరెవరు?" అతను చెప్పాడు. చికాగో పేరు రాగానే ఆవిడ మొహం ఎర్రబడింది. "వాడా? చిన్నప్పుడొచ్చి పంది మొహం చూసి ఏడ్చినవాడు. వాడు మోస్తాడా మైలోని? ముప్ఫై తొమ్మిదేళ్ళు నువ్వు... నువ్వడిగావా ఆ పిల్లని?"

"ఏమని?"

"నన్నూ వెయ్యమని. అడగందే అమ్మయినా పెట్టదయ్యా."

"అన్నమైతే అడుగుతాను. ఇది అడిగి పెట్టించుకునేది కాదు."

"నేను చెప్తాను ఆ పిల్లకి."

"వెర్లీన్" అన్నాడు ఆర్వల్. గొంతు పెంచలేదు. కానీ అతను ఎప్పుడూ ఆవిడ పేరుని అలా పలకలేదు. ఆవిడ తర్వాతి పలక ఎత్తింది.

నిజం చెప్పాలంటే అతనికి కావాల్సింది చిన్నదే. పేరు కాగితంలో పడకపోయినా ఫరవాలేదు. మైలో ఇల్లు వదిలి వెళ్ళే ఆ చివరి మైలున్నరలో ఎక్కడో ఒక చోట తన చెయ్యి కూడా కాస్త బరువు మోయాలి. అది దొరకదని తెలిశాక, మిగిలింది ఈ నేలే. దీన్నైనా మైలో తప్పు పట్టడానికి వీల్లేకుండా వేసి పంపాలి. అందుకే పది సెంట్ల బిళ్ళ మందం దగ్గర అంత పట్టుబట్టాడు.

*

పలకల కిందివైపు నల్లరంగు, పైవైపు అవిసె నూనె. గురువారం పూసినవి శుక్రవారం పొద్దున్నకి ఆరాయి. ఆర్వల్ ఎనిమిదింటినీ దూలాల మీద పేర్చి, పలకకీ పలకకీ మధ్య అగ్గిపుల్లంత సందు వదిలాడు. వానకి చెక్క ఉబ్బితే ఉబ్బడానికి చోటుండాలి. బిగించి పేరిస్తే తొలి వానకే నేల గొడుగులా పైకి లేస్తుంది.

బోల్టులు బిగించడం ఇద్దరి పని. కింద ఒకరు నట్టు తిప్పుతుంటే పైన ఒకరు బోల్టు తల తిరగకుండా అదిమి పట్టాలి. ఆ పైనుండేవాడు ఎప్పుడూ మైలోనే. ఆర్వల్ ట్రక్కు కింద పడుకుని, ఏం చెయ్యాలా అని చూస్తుంటే పైన అడుగుల చప్పుడైంది.

"ఇక్కడ పట్టుకోవాలా?" జెనీన్ గొంతు.

"అరచేత్తో నొక్కి పట్టుకో. వేళ్ళు పెట్టకు, నలుగుతాయి."

ఆమె ఒక్కో బోల్టూ దాటుకుంటూ ముందుకి పాకుతోంది, అతను కింద వీపు మీద ఈదుతూ ఆమెని అనుసరిస్తున్నాడు. మధ్యలో చెక్క ఉంది కాబట్టి మాట్లాడటం సులువైంది.

"నాన్న మీతో ఏం మాట్లాడేవారు? ఇన్నేళ్ళు ఇద్దరే ఉన్నారు కదా."

"వాన గురించి."

"ఇంకా?"

ఆర్వల్ ఆలోచించాడు. "వాన రాకపోవడం గురించి."

పైన నవ్వు వినిపించింది. నవ్వు అక్కడే తెగిపోయి, ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఆర్వల్ నట్టు మరో సగం చుట్టు తిప్పి, అవసరం లేకపోయినా అక్కడే కాసేపు ఆగాడు.

మధ్యాహ్నానికి చివరి బోల్టు బిగిసింది. లేతగోధుమ రంగు ఓక్, మధ్యలో నల్లటి ఏడు పట్టీలు. జెనీన్ భర్త గ్రెగ్ వచ్చి ఈలేశాడు. గ్రెగ్ మంచివాడే, ఇన్సూరెన్సు ఉద్యోగం. ఇంటి అల్లుడు కాబట్టి శనివారం ట్రక్కు నడిపేది అతను. కాలితో నొక్కే స్టార్టరూ, మొండి గేర్లూ ఆర్వలే రెండు రోజులుగా నేర్పిస్తున్నాడు.

"ఇక పరీక్ష" అని ఆర్వల్ ఒక విత్తనం బస్తా తెచ్చి తొట్టిలో ముందు కొసన పడేశాడు. ఒక్క చెయ్యి ఆనించి తోశాడు. బస్తా పట్టీల మీద సర్రున జారి, తెరిచున్న వెనక తలుపు మీదికొచ్చి, అంచు దగ్గర ఆగీ ఆగనట్టు ఊగి, కిందికి పడిపోయింది.

గ్రెగ్ చప్పట్లు కొట్టాడు. ఆర్వల్ మాత్రం పడిన బస్తా వంక చూసి, తలుపు వంక చూసి, జేబులోంచి టేపు తీశాడు. తొట్టి పొడుగు ఆరున్నర అడుగులు. పెట్టె ఏడు. తలుపు మూసుకోదు. తెరిచే తీసుకెళ్ళాలి. దారిలో చివరి పావుమైలు మిట్ట ఎక్కాలి. లోడు ఒక్క తోపుకి జారిపోయేలా నేల వెయ్యడం కోసం మూడు రోజులు చచ్చాడు, ఆ లోడు ఎవరో మాత్రం ఆలోచించలేదు. వెర్లీన్ చెప్పనే చెప్పింది. తన పనితనం తన మెడకే చుట్టుకుంది.

"పెట్టెకి తాళ్ళు వేసి బిగించాలి" అన్నాడు. "మిట్ట దగ్గర పెట్టె వెనక్కి జారుతుంది."

జెనీన్ మొహం బిగుసుకుంది. "తాళ్ళా? నాన్నేమన్నా ఫ్రిజ్జా, కట్టేసి తీసుకెళ్ళడానికి?"

"పోనీ వెనక ఒక అడ్డచెక్క." అప్పటికప్పుడు మిగిలిన ఓక్ దిమ్మె ఒకటి తెచ్చి తలుపు మీద అడ్డంగా పెట్టి చూపించాడు. "రెండు బోల్టులతో తలుపుకి బిగిస్తే కదలదు."

"పశువుల దొడ్డికి వేసే అడ్డలా ఉంది ఆర్వల్. ఊరంతా చూస్తుంది. వద్దు."

"నేను నడకవేగంతో పోనిస్తాగా, ఎంత దూరమని?" అన్నాడు గ్రెగ్ ఇద్దరికీ మధ్యస్థంగా.

ఆర్వల్ ఇంకో మాట అనబోయి మానేశాడు. తండ్రి పోయిన పిల్ల. నిన్నటి నుంచీ నిద్ర లేనట్టు కళ్ళు వాచి ఉన్నాయి. దిమ్మెని తీసి ట్రక్కు సీటు వెనక పెట్టాడు.

*

శనివారం ఎండ తెల్లగా కాసింది. చుట్టూ మొక్కజొన్న కోతల కాలం, గాలిలో పొట్టు ఎగురుతోంది. పదకొండయ్యేసరికి పూజ ముగిసింది. ఆర్వల్ ట్రక్కుని వెనక్కి నడిపి చర్చి మెట్ల దగ్గర ఆపి, తలుపు దించి, రెండు వైపులా గొలుసులు తగిలించి, పక్కకి తప్పుకున్నాడు. అతనికున్న ఒకే ఒక నల్లకోటు వేసుకున్నాడు. టోపీ చేతిలో ఉంది.

ఆరుగురూ పెట్టెని మెట్లు దింపారు. ఎమిల్ నటించడం లేదు, నిజంగానే మోస్తున్నాడు. నుదురంతా చెమట. పెట్టె ముందు కొస తలుపు మీద ఆనింది. మోసేవాళ్ళు అలవాటు ప్రకారం, బరువైనదాన్ని నెట్టినట్టు, అందరూ కలిసి ఒక్క ఊపు నెట్టారు.

పెట్టె వాళ్ళ చేతుల్లోంచి జారిపోయింది. పట్టీల మీద ఇనుము పాడినట్టు ఒక సన్నని చప్పుడు చేస్తూ తొట్టి పొడుగునా దూసుకెళ్ళి ముందు రేకుకి దభీమని గుద్దుకుంది. చికాగో కుర్రాడు ముందుకి తూలి మోకాళ్ళ మీద పడ్డాడు.

వెనక వరసలో ఎవరో ముసలాయన, "మైలోకెప్పుడూ తొందరే" అన్నాడు మెల్లగా. ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు.

జెనీన్ కదలకుండా నిలబడి చూసింది. పెట్టె వెనక కొస తలుపు మీదికి అరడుగు పొడుచుకొచ్చి ఉంది, దాని వెనక గాలి తప్ప అడ్డేమీ లేదు. చర్చి మెట్ల మీంచి చూస్తే పొలాల అవతల మిట్టా, మిట్ట మీదికెక్కే కంకరరోడ్డూ స్పష్టంగా కనబడతాయి. ఆమె అటు చూసింది. చేతిలో అట్ట పక్కనున్న వెర్లీన్‌కి ఇచ్చేసి, మెట్లు దిగి ఆర్వల్ దగ్గరికొచ్చింది.

"మీరు చెప్పింది ఇదేగా."

"ఇదే."

"ఆ దిమ్మె?"

"సీటు వెనకుంది. కానీ పెట్టె దించి, కింద పడుకుని బిగించాలి. అరగంట పడుతుంది. తాళ్ళయితే ఇక్కడ ప్రతి బండిలోనూ ఉంటాయి. అడిగితే పది తెచ్చిస్తారు."

ఆమె తాళ్ళ మాట వినగానే తల అడ్డంగా ఊపింది. "కట్టలేను. నా వల్ల కాదు." తలుపు మీద చెయ్యి వేసి, కొత్త చెక్కని అరచేత్తో తడిమింది. "విత్తనాలు తెచ్చే రోజుల్లో నువ్విక్కడ కూర్చునేవాడివి. బస్తాలు జారకుండా వాటికి వీపు ఆనించి. నేను నీ పక్కన. నాన్న నడిపేవాడు."

"అవును. నువ్వు చెప్పులు రోడ్డు మీద పారేసేదానివి. నేను దిగి ఏరేవాణ్ణి."

"ఎక్కు ఆర్వల్."

అతను కదల్లేదు. టోపీ అంచుని వేళ్ళతో చుట్టూ ఒకసారి తిప్పాడు. మూడు రోజులుగా మింగుతున్న మాట అప్పుడు బయటికొచ్చింది, కోపం లేకుండానే. "ఫోన్లు చేసింది నేనే అమ్మాయ్. ఆ కాగితంలో నా పేరు లేదు."

జెనీన్ మెడ దాకా ఎర్రబడింది. "ఎవరైనా మిగిలారా అని అడిగాను."

"అడిగావు."

"మరి చెప్పలేదేం?"

చెప్పుకుంటే పెద్ద మాట, చెప్పకపోతే చిన్న మాట. అట్లాంటివి అతను ఎప్పుడూ చిన్నవిగానే ఉంచాడు.

"నిన్ను బయటివాడిగా అనుకోలేదు" అంది ఆమె. "ఇంట్లోవాడివనీ అనుకోలేదు. అసలు అనుకోనే లేదు, అదే నా తప్పు. ఎక్కు."

ఆర్వల్ టోపీ పెట్టుకుని తలుపు మీదికెక్కాడు. పెట్టె వైపు వీపు పెట్టి, కాళ్ళు కిందికి వేలాడేసి, చేతులు రెండు వైపులా చాపి చెరో గొలుసూ పట్టుకున్నాడు. వెర్లీన్ జనంలోంచి చూసి, ఈసారి గొంతు తగ్గించే, "ఇప్పుడు కుదిరింది" అంది. ఆవిడ తగ్గించిన గొంతు కూడా చర్చి గోడ దాకా వినబడింది.

ట్రక్కు కదిలింది. వెనక జెనీన్ కారు, దాని వెనక నలభై బండ్లు. ఆర్వల్ మొహం వాటన్నిటి వైపూ తిరిగి ఉంది. జన్మలో ఎప్పుడూ ఇంతమంది ఎదురుగా కూర్చోలేదు. ఎటు చూడాలో తోచక కాసేపు బూట్ల వంక చూసుకున్నాడు. ఊరు దాటాక పొలాల్లో కోతమిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. మిషను పైనున్నవాళ్ళు లేచి నిలబడి టోపీలు తీశారు. ఆ మర్యాద మైలోకని ఆర్వల్‌కి తెలుసు. అయినా గుండె నిండిపోయింది.

మిట్ట మొదలైన చోట గ్రెగ్ గేరు మార్చాడు. ఆర్వల్ నేర్పినట్టే మార్చాడు, పళ్ళు నూరకుండా. రోడ్డు గతుకుల మీద ట్రక్కు ఒకసారి కుదిపింది. వీపు వెనక పట్టీల మీద ఆ సన్నని చప్పుడు మళ్ళీ వినిపించింది. పెట్టె అంచు వచ్చి అతని రెండు భుజాల మధ్య ఆనింది. మొదట కాస్త. తర్వాత బరువంతా.

అదీ మైలో బరువు. గొలుసు కొక్కేలు అరచేతుల్లోకి దిగాయి, భుజాలు సాగాయి. ఆర్వల్ పళ్ళు బిగబట్టి వీపుతో ఎదురు నెట్టాడు. సోమవారం నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. చేతులు రెండూ గొలుసులకున్నాయి, తుడుచుకునే వీల్లేదు. నలభై బండ్లు చూస్తుండగా కన్నీళ్ళు గడ్డం దాకా కారాయి. కారనిచ్చాడు. ఎదురుగా అద్దం వెనక జెనీన్ కూడా తుడుచుకోకుండానే నడుపుతోంది.

"నిదానం" అన్నాడు వెనక్కి, పెట్టెతో. "వచ్చేశాం."

పైన చదునులో ట్రక్కు ఆగింది. దిగడానికి చూస్తే వేళ్ళు తెరుచుకోలేదు. ఎమిల్ వచ్చి ఒక్కో వేలూ గొలుసు నుంచి విడదీశాడు. అరచేతుల్లో కొక్కేల అచ్చులు ఎర్రగా పడ్డాయి.

"ఇక్కణ్ణుంచి అరవై అడుగులే" అన్నాడు ఎమిల్ గొంతు తగ్గించి. "నా చోటు నువ్వు తీసుకో. నాకు భుజం ఎలాగూ..."

"వద్దు. నా వంతు అయింది."

ఆరుగురూ తలుపు దగ్గర రెండు వరసలుగా నిలబడ్డారు. ఈసారి ఎవరూ చెయ్యి ముందుకి చాపలేదు, ఆర్వల్ వైపు చూశారు. అతను పక్కనుంచి తొట్టిలోకెక్కి, ముందు రేకు దగ్గర వొంగి, కుడి అరచేయి పెట్టెకి ఆనించాడు. ఒక్క చెయ్యే. మెల్లగా తోశాడు. మైలో కుబిచెక్ ఎక్కడా ఆగకుండా, ఎక్కడా గుచ్చుకోకుండా, తనకి కావాల్సిన పద్ధతిలో జారి, మోసేవాళ్ళ చేతుల్లోకి వెళ్ళాడు.

మట్టి వేయడం అయిపోయాక జనం చర్చి కింది హాల్లో భోజనాలకి బయల్దేరారు. గ్రెగ్ తొట్టిలోకి తొంగి చూసి నొచ్చుకున్నాడు. కొత్త ఓక్ మీద పెట్టె మూలలు గీసిన గీతలు రెండు, ముందు నుంచి వెనక దాకా ఉన్నాయి.

"అయ్యో. సోమవారం వీటికి ఏమన్నా పాలిష్ పెట్టిద్దామా ఆర్వల్?"

"ఎందుకు? మొదటి లోడు" అన్నాడు ఆర్వల్. "ఉండనీ."

అతను తలుపు ఎత్తి మూయబోతుంటే జెనీన్ వచ్చి ఆపింది. కారు తాళాలు వెర్లీన్‌కి ఇచ్చేసి వచ్చినట్టుంది, చేతులు ఖాళీగా ఉన్నాయి. బూట్లు విప్పి తొట్టిలో పెట్టింది. తలుపు మీదికెక్కి కూర్చుని, "జరుగు" అంది. ఆర్వల్ ఎక్కి పక్కకి జరిగాడు.

"నెమ్మదిగా పోనా?" అని గ్రెగ్ కిటికీలోంచి అడిగాడు.

"మామూలుగా పోనీ" అంది జెనీన్.

ట్రక్కు మిట్ట దిగడం మొదలుపెట్టింది. వెనక ఆనుకోవడానికి ఇప్పుడేమీ లేదు. ఇద్దరూ చెరో గొలుసు పట్టుకున్నారు.